రెండోసారి అడగని ఊరు

జూన్ 2, సోమవారం

పెద్దమాస్టరు కత్తెర దించేస్తున్నారు. ఈ ఉదయం బల్ల దగ్గర అందరి ముందూ చెప్పేశారు. కళ్ళలో శుక్లాలట. ఇరవై ఎనిమిదేళ్ళు గీత మీద నడిచిన చెయ్యి ఇప్పుడు గీతని వెతుక్కుంటోంది, గుడ్డ పాడు చెయ్యకముందే తప్పుకుంటే గౌరవంగా ఉంటుంది అన్నారు. ఆయన కాక కటింగ్ గదిలో మేం పదకొండు మందిమి. పది మందిమీ ఒక్కసారే మా అక్క వైపు చూశాం. అక్క తన చేతిలోని చాక్ ముక్క వైపు చూసుకుంది.

ఇది యూనిఫామ్‌లు కుట్టే కంపెనీ. స్కూళ్ళకి, ఆసుపత్రులకి, సెక్యూరిటీ వాళ్ళకి. పైన కుట్టు లైన్, కింద కటింగ్. నా పని గుడ్డ పరచడం. గుడ్డ తాను విప్పి పొడుగాటి బల్ల మీద పొర మీద పొర, ఎనభై పొరలు పరుస్తాను. ఆ పైన చొక్కా ముక్కల ఆకారంలో కోసిన అట్టలు పెట్టి గీతలు గీసేది అక్క. గీత మీద మిషన్ కత్తి నడిపేది మాస్టరు. కత్తి దారి తప్పితే పాడయ్యేది ఒక చొక్కా కాదు, ఎనభై చొక్కాలు. అందుకే ఈ బిల్డింగ్‌లో కటింగ్ మాస్టరు మాటకి తిరుగు లేదు. కంపెనీ నడిపే మేడమ్ కూడా ఆయన్ని అడిగాకే ఆర్డరు ఒప్పుకుంటారు.

అక్క ఇక్కడ ఆరేళ్ళుగా గీస్తోంది, పెద్దమాస్టరు రాని పూట కత్తి కూడా నడుపుతుంది. నేనొచ్చి ఏడు నెలలు. అక్క అట్టలు సర్దడం చూడాలి. చెయ్యి ముక్క వంపులో కాలరు ముక్కని ఒదిగిస్తుంది, పసిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టినట్టు. ఇంకెవరు గీసినా సరిపోని గుడ్డ అక్క గీస్తే సరిపోయి జానెడు మిగులుతుంది. ఆ మిగిలిన జానెడు చూసినప్పుడల్లా నాకు కాలర్ ఎగరేయాలనిపిస్తుంది.

ఈ కంపెనీలో ఇంతవరకు ఆడమనిషి కటింగ్ మాస్టరు కాలేదు. మాలాగా మెట్ట ఊళ్ళనుంచి వచ్చిన మనిషీ కాలేదు. రెండు గోడలు ఒక్క దెబ్బతో కూలబోతున్నాయి. బస్టాండులో కొన్న ఒక చిన్న పుస్తకంలో ఉంది: తలుపు తెరిచినవాడికి దండం పెట్టే ముందు, అది ఎవరు మూశారో అడుగు.

అక్కకి చదివి వినిపించాను. ముందు స్టవ్ కట్టెయ్యరా, పాలు పొంగుతున్నాయి అంది.

జూన్ 3, మంగళవారం. మధ్యాహ్నం 1.20

కడుపు మండిపోతోంది. టేపుతో గొడవ.

టేపు అంటే పైన కుట్టు లైన్ సూపర్‌వైజరు. మెడలో టేపు ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా తియ్యడు. ఈ పల్లపు పట్నంలోనే పుట్టి పెరిగినవాడు. పొద్దున అతని బల్ల మీద కత్తెర కనిపిస్తే తెచ్చుకున్నాను, తానుకి కట్టిన తాడు కొయ్యడానికి. అంతే. మెట్లు దిగి వచ్చి, తమ్ముడూ, తీసుకున్నందుకు కాదు, ఒక్క మాట చెప్పి ఉంటే అరగంట వెతుక్కునేవాణ్ణి కాదు కదా అన్నాడు. నవ్వుతూ. నవ్వుతూ తిట్టేవాణ్ణి నేను నమ్మను. తిట్టేటప్పుడు తిట్టే మొహం పెట్టాలి. అది కనీస నిజాయితీ. మీ కత్తెరేమన్నా అరిగిపోయిందా అన్నాను. అయ్యో, సారీ, మిమ్మల్ని నొప్పించాలని కాదు అన్నాడు. తిట్టినవాడే సారీ చెప్పేస్తే ఇక దెబ్బలాడటం ఎలా?

మా మెట్టలో పక్కవాడి వస్తువు అడిగి తీసుకోరు. అడిగితే, ఇస్తాడో ఇవ్వడో అని అనుమానపడినట్టు. ఇక్కడ చాక్ ముక్కకి కూడా పర్మిషన్. టికెట్ ఇచ్చిన కండక్టరుకి థాంక్స్. కాలు తొక్కినవాడూ సారీ, తొక్కించుకున్నవాడూ సారీ. నేను చిన్నప్పుడొకసారి స్కూల్లో నేర్పారని అమ్మకి థాంక్స్ చెబితే, ఏరా, వేరు కాపురం పెడుతున్నావా అంది.

టీ సంగతి మాత్రం చచ్చినా మరిచిపోను. చేరిన మొదటి రోజు ఈ టేపే టీ తాగుతారా అని అడిగాడు. వద్దండీ అన్నాను. మా వైపు మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు మానానికి. మూడోసారి అడిగితే గ్లాసు అందుకోవాలి. మొదటిసారే చెయ్యి చాస్తే వాడికి ఇంట్లో తిండి లేదనుకుంటారు. అడిగేవాడికీ ఒక ధర్మం ఉంటుంది, మూడుసార్లు అడగాలి. టేపు సరేనండీ అని తన టీ తను తాగేశాడు. నాలుగు రోజులు అదే తంతు. నాలుగో రోజు తల తిరిగి తాను మీద పడ్డాను. అక్క కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఒరేయ్ పిచ్చోడా, ఈ ఊళ్ళో రెండోసారి అడగరురా, మొదటిసారికే నోరు తెరువు అంది.

నోరు తెరవడం నేర్చుకున్నాను. కానీ అది మర్యాదని ఒప్పుకోలేదు. రెండూ వేర్వేరు.

జూన్ 6, శుక్రవారం. మధ్యాహ్నం

మేడమ్ అక్కని తన గాజు గదిలోకి పిలిచారు. గుడ్డ పరుస్తూ చూశాను. నాకు అక్క వీపే కనిపించింది, మేడమ్ నవ్వు కనిపించింది. నాలుగు నిమిషాలు. బయటికొచ్చి అక్క నేరుగా తన అట్టల దగ్గరికి వెళ్ళింది. ఏమైంది అని కళ్ళతో అడిగాను. పని చూడు అని కళ్ళతోనే అంది.

అయిపోయింది. మా అక్క మాస్టరు. రాస్తుంటే పెన్ను జారిపోతోంది.

అదే రోజు, సాయంత్రం

టేపు!

నాలుగింటికి అందరినీ పిలిచి మేడమ్ చెప్పారు, సోమవారం నుంచి కటింగ్ మాస్టరు టేపు అని. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా. పెద్దమాస్టరు కొట్టలేదు, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. టేపు అందరికీ పేరు పేరునా థాంక్స్ చెప్పాడు. నా దగ్గరికి కూడా వచ్చాడు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నీకెందుకివ్వలేదే అన్నాను. ఇవ్వాలనిపించిన వాళ్ళకి ఇచ్చుకుంటారు అంది. నువ్వూరుకుంటావేమో, నేనూరుకోను అన్నాను. బస్సంతా మా వైపు చూసింది. అక్క మెల్లిగా, గొంతు దించరా, ఇది మన ఊరు కాదు అంది.

అదే! ఆ మాటే! మన ఊరు కాదు కాబట్టే!

జూన్ 7, శనివారం

కాగితం రాస్తున్నాను.

జూన్ 9, సోమవారం. మధ్యాహ్నం

ఉదయం ఎనిమిదీ ముప్పావుకి, అటెండెన్స్ మిషన్ పక్క బోర్డు మీద అంటించాను. నకలు ఇది.

సోదర కార్మికులారా! గీత గీసే చెయ్యి ఒకరిది, పెద్దరికం ఇంకొకరిది. ఆరేళ్ళు ఈ బల్ల దగ్గర నిలబడ్డ మనిషిని మెట్ట మనిషి అని, ఆడమనిషి అని పక్కకి నెట్టారు. మెడలో టేపు వేలాడినంత మాత్రాన కొలతలు వస్తాయా? యాజమాన్యానికి తందానా అనే చెంచాలకి పదవులా? నవ్వుతూ చేసే అన్యాయం మర్యాద కాదు. మర్యాద అంటే మనిషికి ఇవ్వాల్సింది ఇవ్వడం. ఆలోచించండి! అడగండి!

కింద నా పేరు పెట్టాను. పేరు లేని కాగితం పిరికివాడి కాగితం.

అందరూ చదివారు. టేపు చదివాడు, మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుని పైకి వెళ్ళిపోయాడు. తర్వాత మేడమ్ వచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, నాలుగు పిన్నులూ జాగ్రత్తగా తీసి, కాగితం మడతపెట్టి, నన్ను గదిలోకి పిలిచారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోనీ అనుకున్నాను. ఛాతీ విరుచుకుని వెళ్ళాను.

కూర్చోండి అన్నారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఎవరు నేర్పారు అన్నారు. మా అక్క అన్నాను. అప్పుడు అడిగారు: ముందు మీ అక్కనే అడిగాను, వద్దంది, మీకు చెప్పలేదా?

విరుచుకున్న ఛాతీలోంచి గాలి పోయింది.

జూన్ 9, సాయంత్రం

నిజమే. అక్క వద్దంది.

మేడమ్ అడిగారట, మాస్టరు పని నువ్వు తీసుకుంటావా అని. అక్క తల వంచుకుని, నాకెందుకండీ అంత పెద్ద పని, నాకేం వచ్చు అందట. మేడమ్ సరేనమ్మా, నీ ఇష్టం అన్నారట. అంతే. అక్క ఇంకా నిలబడే ఉందట, రెండోసారి కోసం. మేడమ్ ఫోన్ తీసుకున్నారట.

ఒసేయ్ అక్కా, రెండోసారి అడగరని నాకు చెప్పింది నువ్వే కదే అన్నాను. అక్క అంది, టీకైతే అలవాటు చేసుకున్నానురా, ఇంత పెద్దది ఎదురుగా వచ్చి నిలబడేసరికి నోరు తనంతట తను మనూరు వెళ్ళిపోయింది అని.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అక్కకి మాత్రం కోపం వచ్చింది. నా మీద. ఆ మనిషిని చెంచా అని ఎందుకు రాశావు అంది. అతనేం లాక్కున్నాడు, నేను వద్దన్నదే కదా అతనికిచ్చారు అంది. నాకోసం రాశానంటావు, నన్నొక్క మాట అడిగావా అంది.

మా వైపు అడగరు కదా అనబోయి మింగేశాను.

జూన్ 10, మంగళవారం

అక్క మాట్లాడటం లేదు. కూరలో ఉప్పు లేదు. అడగలేదు.

అమ్మ ఫోన్ చేసింది. మొత్తం చెప్పాను. వద్దందని వినగానే అమ్మ పొంగిపోయింది. నా కూతురు ఎగబడలేదురా, నా పెంపకం అంది. తర్వాత అడిగింది, ఎన్నిసార్లు అడిగారురా అని. ఒక్కసారేనమ్మా అన్నాను. ఒక్కసారా అంది. పాపం, ఆవిడకి పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు కాబోలు అంది.

జూన్ 11, బుధవారం

గాజు గదికి నేనే వెళ్ళాను. తలుపు కొట్టి వెళ్ళాను, అది కూడా రాసుకోవాలి. మేడమ్, మా వైపు వద్దంటే వద్దని కాదు, మీరు ఇంకో రెండుసార్లు అడగాలి అన్నాను. మర్యాద తెలియకపోవడం మీ తప్పు కాదు అని కూడా అన్నాను. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

మేడమ్ కోప్పడలేదు. పెన్ను కింద పెట్టి చెప్పారు. బయటివాళ్ళని ఒక్కసారే అడిగే ఊరు ఇది, కానీ ఇంట్లో ఆడపిల్లని మాత్రం అవుననేదాకా అడుగుతారు అన్నారు. ఆవిడకి పద్దెనిమిదేళ్ళప్పుడు, చదువు మానేస్తావా అని ఇంట్లోవాళ్ళు అడిగారట. వద్దు, చదువుకుంటానన్నారట ఆవిడ. మర్నాడు మళ్ళీ అడిగారట. ఆ మర్నాడు మళ్ళీ. ఎంతో ప్రేమగా అడిగారు, ఒక్కరూ గొంతు పెంచలేదు, పదో రోజుకి నా వద్దు అరిగిపోయింది అన్నారు. అందుకని నా చేతికింద పనిచేసే ఏ ఆడపిల్ల వద్దన్నా ఒక్కసారికే నమ్ముతాను, మళ్ళీ అడిగితే నీ మాట మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టు అన్నారు.

ఇలాంటివి పుస్తకాల్లో చదివినప్పుడు పక్కన గీతలు గీసుకునేవాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషి చెబితే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వీళ్ళవి పైపై నవ్వులు అని ఏడు నెలలుగా రాస్తున్నాను. కింద ఇంత లోతుందని ఎవరైనా ఎందుకు చెప్పలేదు? లేకపోతే నేనెవర్నీ అడగలేదా.

అయినా వదల్లేదు. మరి మా అక్క సంగతి అన్నాను. మీ అక్కకి కావాలంటే మీ అక్క చెప్పాలి, మీరు కాదు అన్నారు. ఇంకోమాట కూడా అన్నారు. ఇచ్చిన పని ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరికి ఇవ్వడం నాకు చేతకాదు, ఆలస్యమయ్యే కొద్దీ కష్టం అని.

అక్కకి చెప్పాను. నేనే వెళ్ళి నాకియ్యండి అని అడగాలా, ఎంత సిగ్గుమాలిన పనిరా అంది. ఆరేళ్ళు గీసింది వాళ్ళ కళ్ళకి కనిపించాలి కానీ నా నోటితో చెప్పుకునేది కాదు అంది. పోనీ, మాట్లాడింది.

జూన్ 12, గురువారం. సాయంత్రం ఆరున్నర దాటాక

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే ఎవరూ నమ్మరు.

మాది మేడ మీద ఒంటి గది. మెట్లు బయట, వాటికి కప్పు లేదు. వర్షం దంచుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. టేపు మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం ముందు ఆగి, గొడుగు మడిచి, చెప్పులు విప్పి, నిలబడ్డాడు.

ఆరేళ్ళలో మా గదికి వచ్చిన మొదటి పల్లం మనిషి. మేం లోపల కుర్చీ జరిపాం. అక్క టీ నీళ్ళు స్టవ్ మీద పెట్టింది. నేను తువ్వాలు తెచ్చి కుర్చీ వీపు మీద వేశాను. ఇంకేం కావాలి? మా వైపు తెరిచిన తలుపే పిలుపు. లోపలికి రండి అని నోటితో అంటే, నువ్వు పరాయివాడివి అని మొహం మీద చెప్పినట్టు.

అతను నిలబడే ఉన్నాడు. మేం అతన్ని చూశాం. అతను మమ్మల్ని చూసి నవ్వాడు. మేమూ నవ్వాం. నీళ్ళు జుట్టులోంచి కారి ముక్కు కొస మీద వేలాడుతున్నాయి. టీ మరిగింది. లోపలికి రావడానికి నామోషీ కాబోలు అని అక్క గొణిగింది. కాగితానికి బదులు తీర్చుకోవడానికి వచ్చి గడప తొక్కనని పంతం పట్టాడు అని నేను. టీ రెండోసారి మరిగింది. అతను తుమ్మాడు. అప్పుడు, ప్రాణం పోతున్నవాడు మంచినీళ్ళడిగినట్టు, లోపలికి రావచ్చాండీ అన్నాడు.

అక్క నోరు వెళ్ళబెట్టింది. ఎవరు వద్దన్నారండీ అంది. ఎవరూ రమ్మనలేదు కదండీ అన్నాడు.

లోపలికొచ్చి తల తుడుచుకుని టీ అందుకున్నాడు. కాగితం గురించి ఎత్తలేదు. అక్కతోనే మాట్లాడాడు. చేతి అలవాటు కోసం నిన్న నేను గీసిన కాలరు గీత పక్కన ఇంకో గీత చూశాను, నేను భోజనానికి వెళ్ళినప్పుడు మీరే గీశారు కదూ అన్నాడు. అక్క తల దించుకుంది. అరంగుళం తక్కువ గీశాను, మీరు దిద్దకపోతే ఎనభై కాలర్లు ఎవరి మెడకీ పట్టేవి కావు, ఎందుకు చెప్పలేదు అన్నాడు. పదిమందిలో ఎలా చెప్పనండీ అంది అక్క. చెప్పి ఉంటే నేర్చుకునేవాణ్ణి అన్నాడు.

ఒకరు సిగ్గుపడకూడదని ఒకరు, నేర్చుకోవాలని ఇంకొకరు. ఇద్దర్లో ఎవరిని చెంచా అనాలి?

టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: నాది కుట్టు చెయ్యి, కటింగ్ చెయ్యి కాదు. కత్తి మిషన్ పట్టుకుంటే ఒళ్ళంతా వణుకు. అడిగారు, సరదాపడి ఒప్పుకున్నాను. మేడమ్‌తో చెబుతాను, ఈ పని మీరు తీసుకోండి.

మా అక్క, నా బంగారు అక్క, నా మతిలేని అక్క, ఎంత మాట, ఒకరి చేతిలోది నేను తీసుకోవడమేంటండీ, వద్దు అంది.

సరేనండీ అన్నాడు. లేచాడు. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు!

చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తాను. వీధి మలుపులో పట్టుకుని, ఇంకోసారి అడగండి, దండం పెడతాను, ఇంకోసారి అడగండి అని అరిచాను. ఆయన నన్ను గొడుగు కిందకి లాగారు. వద్దన్న ఆడమనిషిని మళ్ళీ అడిగితే మా అమ్మ చెంప పగలగొట్టేది తమ్ముడూ అన్నారు. ఆ వద్దు వద్దు కాదండీ అన్నాను. అది నాకెలా తెలియాలి అన్నారు. నిజమే. ఎలా తెలియాలి?

కాగితంలో రాసింది తప్పు అని అందామనుకున్నాను. అనలేదు. నన్ను మెట్లదాకా దింపి వెళ్ళారు. గొడుగు కిందకి వచ్చాక నా తల మీద చుక్క పడలేదు. ఆయన భుజం ఒకటి పూర్తిగా తడిసిపోయింది.

ఇక టేపు గారు అనే రాస్తాను.

పైకి వచ్చేసరికి అక్క ఆయన తాగిన గ్లాసు కడుగుతోంది. ఏం తప్పు చేశానురా అంది. ఏ తప్పూ చెయ్యలేదే, ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు, అందుకే నువ్వు చాక్ పట్టుకుని ముసలిదానివైపోతావు, ఆయన కత్తి పట్టుకుని వణుకుతూ చస్తారు, అందరం మర్యాదగా ఉంటాం అన్నాను.

గ్లాసు కడుగుతూనే ఉంది. అది ఎప్పుడో కడగడం అయిపోయింది.

జూన్ 13, శుక్రవారం. ఉదయం 11.10, స్టోర్ రూమ్‌లో తానుల మీద కూర్చుని

ఇప్పుడే రాయాలి.

పొద్దున స్కూలు చొక్కాల లాట్. తెల్ల గుడ్డ, ఎనభై పొరలు పరిచాను. అక్క గీసింది. టేపు గారు కత్తి మిషన్ ఆన్ చేశారు. మొదటి మూల తిరిగారు. రెండో మూల దగ్గర కత్తి కొంచెం పక్కకి ఒరిగింది. ఆయన నుదుటి మీద చెమట చుక్క గుడ్డ మీద పడింది. అప్పుడు అక్క చెయ్యి చాపి, కత్తి వెళ్ళే దారిలో, గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

ఆపండి అంది.

ఆయన స్విచ్ ఆపేశారు. గది మొత్తం ఆగిపోయింది. అక్క చెయ్యి తియ్యలేదు. నా వైపు చూసి, మేడమ్ గారిని ఇక్కడికి రమ్మను అంది. గాజు గదికి తను వెళ్తానని కాదు, ఆవిడని ఇక్కడికి రమ్మని. నేను వెళ్ళలేదు, ఎగిరాను.

మేడమ్ వచ్చారు. అక్క అరచెయ్యి అలాగే గుడ్డ మీద ఉంది. పెద్దమాస్టరు ఓ మూల స్టూలు మీద ఉన్నారు, ఈయనకి నేర్పడానికి రోజూ వస్తున్నారు. పైనుంచి కుట్టు లైన్ వాళ్ళు కొందరు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు.

అక్క అంది: ఆ రోజు మీరడిగితే వద్దన్నాను. మర్యాదకి అన్నాను. నాకు ఈ పని వచ్చు. ఇక్కడ ఇంకెవరికన్నా బాగా వచ్చు. నాకు కావాలి.

మా మెట్టలో ఈ మాట ఏ ఆడమనిషి నోటా నేను వినలేదు. మగవాడి నోటా వినలేదు. నేనే అనలేదు, నేను! సోదర కార్మికులారా అని రాసినవాణ్ణి. నా కాగితంలో పెద్ద పెద్ద మాటలున్నాయి. ఈ రెండు మాటలు లేవు. నాకు కావాలి.

మేడమ్ చాలాసేపు అక్కనే చూశారు. ఆ రోజే ఈ మాట చెప్పొచ్చు కదమ్మా అన్నారు. మీరు ఇంకోసారి అడగొచ్చు కదండీ అంది అక్క. ఎవరి వైపు ఎంత దూరం ఉందో ఇద్దరికీ అక్కడ, ఆ బల్ల మీద పరిచినట్టు కనిపించి ఉంటుంది.

మరి ఈయన అన్నారు మేడమ్. టేపు గారు అప్పటికే మిషన్ దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశారు. నెత్తి మీది బరువు ఎవరో దించితే నడుం నిటారైన మనిషిలా ఉన్నారు. నా లైన్ నాకిచ్చెయ్యండి మేడమ్, అక్కడ దారాలు నా కోసం ఏడుస్తున్నాయి అన్నారు. మెట్ల మీద ఎవరో, దారాలు కాదు సార్, మేమే అన్నారు. అందరూ నవ్వారు. పెద్దమాస్టరు మాత్రం, నవ్వులు తర్వాత, ముందు ఆ లాట్ సగంలో ఉంది అన్నారు.

సరే అయితే, మాస్టరు నువ్వే అన్నారు మేడమ్. వెళ్ళబోయి ఆగారు. ఇంకో రెండుసార్లు చెప్పాలా అని అడిగారు. నవ్వకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు.

అక్కర్లేదండీ, విన్నాను అంది అక్క. అప్పుడు చెయ్యి తీసింది. తెల్ల గుడ్డ మీద అరచేతి తడి అచ్చు పడింది. స్విచ్ వేసి కత్తి నడిపింది. చివరిదాకా. నేను గీత చూడలేదు, అక్క మొహం చూశాను. ఒక్క జెండా లేదు, ఒక్క నినాదం లేదు. నాకు మాత్రం ఊరేగింపులో నడుస్తున్నట్టే ఉంది.

అదే రోజు, సాయంత్రం

అమ్మకి ఫోన్. అడిగి తీసుకుందమ్మా అన్నాను. నోటితోనా అంది. నోటితోనే అన్నాను. అందరి ముందా అంది. అందరి ముందూ అన్నాను. 

గట్టిగా అడిగిందా, గొణిగిందా అంది.

గట్టిగానేనమ్మా, పై అంతస్తుదాకా వినిపించింది.

అయితే సరే అంది అమ్మ.

తర్వాత పక్కింటావిడకి చెబుతున్న గొంతు వినిపించింది, ఫోన్ పెట్టెయ్యడం మరిచిపోయి. నా కూతురు, ఎనభై చొక్కాలు ఒకేసారి కోస్తుంది, తెలుసా అని.

జూన్ 14, శనివారం

రెండో కాగితం అంటించాను. అదే బోర్డు, అవే నాలుగు పిన్నులు. మేడమ్ దగ్గర అడిగి తీసుకున్నాను.

సోదర కార్మికులారా! సోమవారం నాటి కాగితంలో టేపు గారి గురించి రాసింది తప్పు. ఆయన చెంచా కాదు. తనది కాని కుర్చీని తనంతట తానే వదులుకున్న మనిషి. అక్కని అడగకుండా అక్క తరఫున రాయడం కూడా తప్పు. మర్యాద గురించి రాసిన వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకోను.

మా వైపు క్షమాపణ నోటితో చెప్పరు. ఎదుటివాడి పని ఏదో ఒకటి చేసిపెడతారు, వాడు అర్థం చేసుకుంటాడు. ఈ వైపు మాటతో చెబితే కానీ చెల్లదు. అందుకని రెండూ చేశాను. కాగితం అంటించి, పైకెళ్ళి, ఆయన బల్ల కింద చెత్తంతా ఊడ్చాను. టేపు గారు కాగితం చదివి కిందికి వచ్చి థాంక్స్ అన్నారు. ఆ థాంక్స్‌కి ఈసారి నేను నొచ్చుకోలేదు. అక్షరాలు పోయినసారికన్నా బాగున్నాయి అన్నారు. నిజమే, బాగున్నాయి.

జూన్ 16, సోమవారం

పొద్దున కొత్త లాట్. నీలం గుడ్డ. అక్క బల్ల చివర, పెద్దమాస్టరు నిలబడే చోట నిలబడి, ఎనభై పొరలు, మీరు పరచండి అంది.

నాతో. మీరు అని.

ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పరిచాను.